పడ్డోళ్లకు రెండు

మా సాంబయ్య పెద్దబాపు తొంభై దాటాక పోయాడు కాబట్టి ఎవరూ పెద్దగా ఏడవలేదు. పదకొండో రోజు భోజనాలకు వచ్చినవాళ్లు ఫొటోకు దండం పెట్టి, రెండు నిమిషాలు గంభీరంగా నిలబడి, మూడో నిమిషంలో ఫోన్లు తీశారు. వాళ్లనీ తప్పు పట్టలేం. శనివారం ఫైనల్ ఉంది. కాలేజీల ఆడపిల్లల బాస్కెట్‌బాల్ పోటీల్లో మా వీధి వెనకున్న మహిళా కాలేజీకీ, ములుగు కాలేజీకీ. విస్తరాకుల ముందు కూర్చున్నవాళ్లు పప్పు కలుపుకుంటూనే రెండు జట్లుగా చీలిపోయారు.

"ములుగోళ్లు ఉరుకుతరే. మనోళ్లు నడుస్తరు."

"ఉరికితే పాయింట్లియ్యరు బిడ్డా, బుట్టల ఏస్తే ఇస్తరు. మనకు మేఘన ఉన్నది."

"మేఘనకు మడిమె కాడ పట్టిందంట గద? మొన్న కుంటుతాంటే చూసిన."

"అబ్బ, గది యాక్టింగ్ రా బై. ములుగోళ్లు బేఫికర్‌గ ఉండాలెనని."

నా చేతిలో ముద్ద ఆగిపోయింది. కుంటే పిల్ల నిజంగా కుంటడం లేదు, అవతలివాళ్లను బోల్తా కొట్టించడానికి నటిస్తోంది అన్న సిద్ధాంతాన్ని ఈ వీధిలో మొదట ప్రవేశపెట్టినవాణ్ని నేనే. నలభై ఏళ్లు దాటింది. ఆ తర్వాత నాలుగు పుస్తకాలు రాశాను. ఇప్పటికీ చెలామణిలో ఉన్న నా రచన మాత్రం అదొక్కటే.

భోజనాలయ్యాక పెద్దబాపు కొడుకు రవి మగ్గం గదిలోకి రమ్మన్నాడు. మగ్గం ఎప్పుడో పోయింది, గుంట మిగిలింది. దాన్ని మట్టితో పూడ్చి టైల్స్ వేయిస్తారట. గుంట గోడలో చిన్న గూడు ఉండేది, పెద్దబాపు అందులో తంబాకు డబ్బీ, సూది, దువ్వెన పెట్టుకునేవాడు. రవి అందులో చెయ్యి పెట్టి ఒక చుట్ట తీశాడు. "ఇదేందో చూడన్నా. పడెయ్యన్నా?" అన్నాడు. నాలుగు వేళ్ల వెడల్పున్న జంపఖానా పట్టీ. ఎరుపు, నలుపు చారలు. గంజి పట్టి ఎముకలా బిరుసెక్కింది. అడ్డంగా కత్తెర పడ్డ గుర్తు. చుట్ట లోపల ఒక కాగితం మడత. "పడెయ్యకు" అని జేబులో వేసుకున్నాను. కాగితం అక్కడ విప్పలేదు. విప్పకముందే అదేమిటో తెలిసిపోయే కాగితాలు కొన్ని ఉంటాయి.

ఆ ఇల్లు వాసనలతో నడిచేది. పొద్దున రంగు ఉడికే వాసన, మధ్యాహ్నం చింతగింజల గంజి వాసన, సాయంత్రం తడి నూలు ఆరే వాసన. అన్నం వాసన వీటన్నిటి మధ్య దారి వెతుక్కుంటూ వచ్చేది. మా బాపుకూ పెద్దబాపుకూ కలిపి నాలుగు గుంట మగ్గాలు. నేలలో తవ్విన గుంటలో కాళ్లు దించి, అంచు మీద కూర్చుని, అడుగున ఉన్న చెక్కలు తొక్కుతూ, నూలు నింపిన నాడెను అటూ ఇటూ విసురుతూ జంపఖానాలు నేసేవాళ్లు. పెద్దబాపు గుంటలోకి దిగేముందు మగ్గాన్ని తాకి కళ్లకద్దుకునేవాడు. పైకి ఎక్కేటప్పుడు అదే మగ్గాన్ని తల్లినీ చెల్లినీ కలిపి తిట్టేవాడు. రెండూ భక్తితోనే చేసేవాడు. వానాకాలం వస్తే గుంటల్లో చెమ్మ ఊరి వీధిలో మగవాళ్ల మోకాళ్లన్నీ ఒకేసారి వాచేవి. దానికి మావాళ్లకో వైద్యం ఉండేది. నాలుగు వేళ్ల వెడల్పున పట్టీ నేసి, చింతగింజల గంజిలో ముంచి, తడిగా ఉండగానే మోకాలి చుట్టూ బిగించి చుట్టేవాళ్లు. ఆరేసరికి అది కట్టెలా బిగుసుకునేది. నొప్పి పోయేది కాదు, లోపల ఎక్కడో తలుపేసుకుని కూర్చునేది. మనిషి మళ్లీ చెక్క తొక్కేవాడు. పెద్దబాపు చుట్టిన పట్టీకి వీధిలో పేరుండేది. పొద్దుగూకేదాకా ఎవరి మోకాలైనా ఆయన మాట వినాల్సిందే.

మా ఇంటి వెనక మిద్దె మీద నూలు ఆరేసేవాళ్లం. మిద్దె అవతల మహిళా కాలేజీ గోడ, గోడ అవతల బాస్కెట్‌బాల్ కోర్టు. గేటు దగ్గర కర్ర పట్టుకున్న వాచ్‌మన్ మగ పురుగును కూడా లోపలికి పోనిచ్చేవాడు కాదు గానీ మిద్దె మీదికి అతని కర్ర అందేది కాదు. పెద్దబాపు కూతురు స్వరూపక్క ఆ జట్టులో ఉండేది. మొదట పెద్దబాపు ఒక్కడే బిడ్డ ఆట చూడటానికి ఎక్కేవాడు. తర్వాత మా బాపు, తర్వాత పక్కింటి మగ్గాలవాళ్లు, చివరికి వీధంతా. నాలుగింటికి చాయ్ తాగి, నూలు తిరగేయాలని పేరు పెట్టుకుని, ఎనిమిదిమంది ఎక్కేవాళ్లు. మా వీధిలో నూలు అంత బాగా ఎండిన కాలం మరొకటి లేదు.

అంత దూరం నుంచి మాటలు వినపడవు, ఈల ఒక్కటే వినపడుతుంది. ఆట నియమాలన్నీ మావాళ్లు చూపుతోనే అల్లుకున్నారు. బుట్టలో పడితే రెండు పాయింట్లు. బంతిని నేలకు కొట్టకుండా పట్టుకుని పరుగెత్తితే ఈల. ఇంతవరకూ సరే. మూడో నియమం పెద్దబాపు సొంతం. ఎవరైనా పిల్ల కిందపడితే ఈల మోగడం, ఆ పిల్లను ఒక్కదాన్నే బుట్ట ముందు నిలబెట్టి, ఎవరూ అడ్డు రాకుండా రెండుసార్లు బంతి వేయనివ్వడం ఆయన గమనించాడు. పక్కనున్న పిల్ల తోసిందన్న సంగతి మిద్దె మీదికి కనిపించేది కాదు. కాబట్టి, "పడ్డోళ్లకు రెండు" అని తీర్మానించాడు. "పడుడు గూడ ఒక పనితనమేరా. మన స్వరూప పడ్డదంటే చూడు, మగ్గం మీద నాడె జారినట్టు పడ్తది" అని మురిసేవాడు. నేను అప్పటికి డిగ్రీ చదువుతున్నాను, అసలు నియమం నాకు తెలుసు. చెప్పలేదు. తప్పు నియమమే ఎక్కువ నవ్వు తెప్పించేది.

స్వరూపక్క నాకంటే రెండేళ్లు పెద్ద. ఆరో తరగతిలోనే ద్వారబంధానికి తల తగిలిన మనిషి. ఆ ఎత్తు మా ఇంట్లో చాలాకాలం జబ్బు కిందే లెక్క. పెద్దమ్మ ఆమెను సంబంధాలవాళ్ల ముందు ఎప్పుడూ కూర్చోబెట్టే ఉంచేది. బాస్కెట్‌బాల్ వచ్చాక ఆ జబ్బు కాస్తా ప్రతిభ అయింది. ఆమెకు కావలసింది పెళ్లీ కాదు, కప్పూ కాదు. ఆటల టీచర్ కావాలి. ఆ ఎండాకాలం ట్రైనింగ్ కాలేజీవాళ్లు పరుగెత్తించి, దూకించి సీట్లు ఇస్తారు. దరఖాస్తు నేనే నింపాను. "ఎత్తు" అన్న గడి దగ్గర పెద్దబాపు నా భుజం మీదుగా వంగి, "జర ఎక్కువే రాయి" అన్నాడు. ఆ గడి ముందు ఆయన అలా అనడం ఇంట్లో అందరం విన్నాం. అక్క తల దించుకుని నవ్వింది.

ఆ ఏడు కూడా ఫైనల్లో ఎదురు ములుగే. జట్టులో సగం మంది ఏటూరునాగారం వైపు అడవి ఊళ్లనుంచి వచ్చి హాస్టల్లో ఉండే పిల్లలు. వాళ్లలో ఒక పొడుగు పిల్ల ఉందని, స్వరూపక్కకు సమానంగా ఎగురుతుందని కబురు ముందే వచ్చింది. కబురు తెచ్చింది చాయ్ హోటల్ భిక్షపతి, ఆయన అత్తగారిది ములుగు. వారం రోజులు ఆయన హోటల్లో మరో మాట లేదు.

"ఆ పొల్లలు వాగులు దుంకి బడికి పోయినోళ్లు. మీ పట్నం పొల్లలు రిక్షాల పోయినోళ్లు. ఇగ మీరే చెప్పుండ్రి" అనేవాడు భిక్షపతి.

"అత్తగారి ఉప్పు తిన్న నోరది, గట్లనే మాట్లాడ్తది" అనేవాడు పెద్దబాపు చాయ్ సాసర్లో పోసుకుంటూ. "ఉరుకుడు కాదుర భిక్షపతీ, బుట్ట కింద నిలవడాలె. నా బిడ్డ గుంజ పాతినట్టు నిలవడ్తది."

"గుంజ కదులది గద సాంబన్నా. గా పొల్ల సుట్టు తిరిగి ఏస్తది."

"తిరగనీ. కండ్లు తిరిగి గామె పడ్తది. పడితే గామెకు రెండు" అన్నాన్నేను. హోటలంతా నవ్వింది. ఆ రోజుల్లో నేను నోరు విప్పితే నవ్వడం వీధిలో ఆనవాయితీ. పందొమ్మిదేళ్లవాడికి అంతకంటే పెద్ద ప్రమాదం ఉండదని నాకెవరూ చెప్పలేదు.

ఫైనల్‌కు నాలుగు రోజుల ముందు ప్రాక్టీస్‌లో అక్క ఎగిరి దిగడంలో మోకాలు మెలికపడింది. ఆ రోజు వాన తుంపర వల్ల మిద్దె మీద ఎవరూ లేరు. మర్నాడు కాలేజీకని చెప్పి నా సైకిల్ వెనక కూర్చుని పెద్ద దవాఖానకు పదమంది. డాక్టర్ చిన్నవాడే, అప్పటికే అలసిపోయి ఉన్నాడు. మోకాలు పట్టుకుని అటూ ఇటూ కదిపాడు. అక్క బల్ల అంచు పట్టుకుంది గానీ శబ్దం చేయలేదు. "లోపల నరం సగం తెగింది. ఆరు వారాలు గ్రౌండ్ దిక్కు చూడొద్దు. ఆడినవా, మిగిలిన సగం తెగుతది. అటెన్క నా దగ్గరికొచ్చినా లాభం లేదు" అని చీటీ రాసి నా చేతికిచ్చాడు, ఆమె చేతికి కాదు. నేను చొక్కా జేబులో పెట్టుకున్నాను.

తిరిగొచ్చేటప్పుడు అక్క మా ఇంటి మలుపు దగ్గర సైకిల్ ఆపించి, "ఫైనల్ ఒక్కటేరా. గదొక్కటి ఆడి బంద్ చేస్త. బాపుకు చెప్పినవనుకో, సచ్చేదాంక నీతోని మాట్లాడ" అంది. సరేనన్నాను. అంత తేలిగ్గా సరే అనడం ఎలా వచ్చిందో తర్వాత చాలాసార్లు ఆలోచించాను. నాకూ ఆ ఫైనల్ కావాలి. భిక్షపతి మీద వేయడానికి కొన్ని జోకులు సిద్ధంగా ఉన్నాయి, అవి గెలిస్తేనే పనికొస్తాయి.

ఆ సాయంత్రం మిద్దె మీద అందరూ ఉన్నారు. కింద కోర్టులో అక్క ఒక పక్కన నిలబడి బంతి అందిస్తోంది. మా ఇంట్లో నూలు కండెలు చుట్టే లచ్చత్త కూడా ఆ రోజు పైకి వచ్చింది. ఆమెకు ఆట గురించి ఏమీ తెలియదు కాబట్టి ఆటను చూడకుండా పిల్లను చూసింది.

"అయ్యో, పిల్ల కుంటుతాంది గదనే సాంబన్నా! ఎడమకాలు నేలకు ఆన్తలేదు. రేపు మాపు ఆడనియ్యకుండ్రి."

పెద్దబాపు చేతిలో తడి నూలు చిలప అలాగే ఆగింది. ఎనిమిదిమంది నా మొహం చూశారు, నేను అక్క తోడు తిరిగేవాణ్ని కాబట్టి. చీటీ జేబులోనే ఉంది.

"అది కుంటుడు కాదత్తా, ప్లాను" అన్నాన్నేను. "ములుగోళ్ల మనిషి గోడ అవుతల నిలవడి చూస్తాండు. మన పెద్ద గుర్రం కుంటిదైందని పోయి చెప్తడు. ఆళ్లు ఖుషీగ వస్తరు. ఇగ శనివారం చూడు."

ఒక్క క్షణం ఆగి, మిద్దె మొత్తం పగలబడి నవ్వింది. పెద్దబాపు కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వాడు. "నా బిడ్డ ఆఖరికి కుంటుడు గూడ నేర్చిందిరా!" అన్నాడు. లచ్చత్త అందరినీ చూసి, తానే ఏదో తెలివితక్కువ మాట అన్నట్టు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దిగిపోయింది. ఆ మాట రాత్రికల్లా వీధి దాటింది. పొద్దునకల్లా భిక్షపతి కూడా నమ్మాడు. అక్క చెవిన పడితే నన్ను కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. ఆమెకు అంతకంటే మంచి దాపు దొరకదు. ఇక ఎవరి ముందైనా హాయిగా కుంటవచ్చు.

శనివారం పొద్దున మాత్రం కాలు బొత్తిగా మోపలేకపోయింది. తండ్రి దగ్గరికి పోయి, కొద్దిగా పట్టేసిందని చెప్పింది. పెద్దబాపు వివరాలు అడగలేదు. వాచిన మోకాలు ఆయనకు రోజూ చూసే సరుకు. మంచి ఎరుపూ నలుపూ పట్టీ ఎంచి, గంజిలో ముంచి, గుంట అంచున కూతుర్ని కూర్చోబెట్టి, పళ్లతో ఒక కొస పట్టుకుని బిగించి చుట్టాడు. "నీ తాతకు కట్టిన, నీ బాబాయికి కట్టిన. గిది ఇడ్వది బిడ్డా" అన్నాడు. ఎండలో గంటసేపు కాలు చాపుకుని కూర్చుంది. లేచి నాలుగడుగులు వేసింది. కుంటలేదు. తలుపు పక్కన నిలబడి నేను చూశాను. నాకు కలిగింది సంతోషమే, దాచి ఏం లాభం.

ఫైనల్ రోజు మగవాళ్లను గేటు లోపలికి రానిచ్చారు. మావాళ్లు ఉతికిన బట్టల్లో, కోర్టు పక్కనే, మొదటిసారి దగ్గరనుంచి ఆట చూశారు. సగం ఆట దాకా అక్క అద్భుతంగా ఆడింది. ములుగు పొడుగు పిల్లా ఆమే గాల్లోనే చాలాసేపు ఉండిపోయినట్టు కనిపించేవాళ్లు. తర్వాత ఒక బంతికోసం ఎగిరింది. చుట్టూ ఎవరూ లేరు. దిగింది, ఎడమకాలి మీద. ఎండుకట్టె విరిగినట్టు చప్పుడు విన్నామని తర్వాత కొందరన్నారు. నాకు వినపడలేదు. నాకు వినపడ్డది మావాళ్ల చప్పట్లు.

"పడ్డది! పడ్డది! ఏం పడ్డదిరా నా బిడ్డ!" అని పెద్దబాపు లేచి నిలబడ్డాడు. వీధంతా ఈలలేసింది. అక్క నేల మీద చేత్తో కొడుతోంది. దానికీ చప్పట్లు కొట్టారు. నేను అరవాలి. నోరు తెరిచాను కూడా. నేను నోరు తెరవడం చూసి పక్కవాడు ముందుగానే నవ్వాడు.

ముందు పరుగెత్తుకొచ్చింది ములుగు పొడుగు పిల్ల. అక్క తలకింద చెయ్యి పెట్టి, మా వైపు తిరిగి గొంతు చించుకుని అరిచింది. "ఏం మనుషులే మీరు? నవ్వకుండ్రి! కాలు తిరిగిపోయింది!"

చప్పట్లు ఒక్కొక్కటే ఆగాయి. అందరికంటే చివర ఆగింది పెద్దబాపువి. ఆయన ఇంకా రిఫరీ వైపే చూస్తున్నాడు. "రెండు ఇస్తలేరేందిరా?" అని నన్ను అడిగాడు. "పడ్డది గద. పడ్డోళ్లకు రెండు గద?"

ఆ మ్యాచ్ మా కాలేజీయే గెలిచిందట. దవాఖానలో పట్టీ విప్పలేక కత్తెరతో కోశారు. కోయగానే మోకాలు అందరం చూస్తుండగానే ఉబ్బింది. నొప్పిని ఆపిందీ, ఆగాల్సిన మనిషిని ఆగకుండా చేసిందీ ఆ పట్టీయే అని డాక్టర్ చెప్పాడు. అదే డాక్టర్. నన్ను గుర్తుపట్టాడు. ఆ కాలు మళ్లీ పూర్తిగా వంగలేదు. అక్క తర్వాత ఒక లైబ్రరీలో పనిచేసి రిటైరైంది. కూర్చుని చేసే పని. నిలబడి చేసేవన్నీ ఒక్క మధ్యాహ్నంలో పోయాయి. పెద్దబాపు ఆ తర్వాత ఎవరికీ పట్టీ చుట్టలేదు, మిద్దె ఎక్కలేదు. నూలు మామూలుగా ఎండింది.

పదకొండో రోజు సాయంత్రం అక్క ఇంటి వరండాలో కూర్చుని ఆ చుట్టలోని కాగితం విప్పాను. దవాఖాన చీటీ. చొక్కాతోపాటు ఉతుకులో పోయిందనుకున్నాను ఇన్నేళ్లూ. ఇంగ్లిషులో మూడు లైన్లు, పైన తారీకు. పెద్దబాపుకు ఇంగ్లిషు రాదు. నా చొక్కా జేబులో దొరికినదాన్ని ఎవరితోనో చదివించుకునే ఉంటాడు. నాకు ముందే తెలుసని తెలిసిన తర్వాత కూడా నాకు అదే చాయ్ ఇచ్చాడు, నా పెళ్లిలో నా పక్కన కూర్చున్నాడు, నా జోకులకు నవ్వడం మాత్రం మానేశాడు. ముసలితనం అనుకున్నాను.

అక్క చీటీ చదివి మడిచి నాకే ఇచ్చింది. "బాపు నన్ను గూడ అడగలే" అంది.

అప్పుడే ఫోన్ మోగింది. కాలనీ గ్రూపులో వాదన సాగుతోంది. మేఘన భిక్షపతి మనవరాలు. తన అత్తగారి ఊరి మీదే మనవరాలు ఆడుతోందని తాత బతికుంటే ఏమనేవాడో. కుంటుడు నాటకం అని ఒకడు, కాదని ఒకడు. "సార్, మీరేమంటరు?" అని ఎవరో నన్నడిగారు. టైపు చేశాను. 'పిల్ల నిజంగా కుంటుతోంది. ఆడనివ్వకండి.' పంపాను. క్షణంలో నవ్వే మొహాలు మొదలయ్యాయి. నీళ్లు కారేలా నవ్వేవి, పడి దొర్లేవి. "సార్ ప్లాన్ మామూలుగ ఉండది" అని ఒకడు రాశాడు.

ఫోన్ అక్కకు చూపించాను. ఆమె నవ్వలేదు. చేతికర్ర అందుకుని, "బండి తియ్యి" అంది.

మేఘన తలుపు తీసింది. తిన్నగా నిలబడింది, మెట్ల దాకా నాలుగడుగులు తిన్నగా నడిచి వచ్చింది. అక్క ఆ నడకను చివరిదాకా చూసి, "నేను గూడ గిట్లనే నడిచిన" అంది.

పిల్ల అర్థం కానట్టు నటించింది. తర్వాత నటించలేదు. "ఫైనల్ ఒక్కటే అమ్మమ్మా" అంది నేలను చూస్తూ.

అక్క కర్ర నాకిచ్చి, వాళ్ల మెట్టు మీద కష్టంగా కూలబడింది. వంగని కాలు కర్రలా ముందుకు చాపుకుంది. ఒక నిమిషం అలాగే కూర్చుని చెయ్యి పైకి చాపింది. "ఇగ పోత. లేపు బిడ్డా."

మేఘన వంగి రెండు చేతులూ పట్టుకుని లేపబోయింది. బరువు మడమ మీద పడగానే పెదవి కొరుక్కుంది. శబ్దం చేయలేదు. అక్క చేతులు వదిలేసింది.

"కూసో" అంది.

పిల్ల మెట్టు మీద ఆమె పక్కనే కూర్చుని, మెల్లగా కాలు ముందుకు చాపింది. ఇద్దరూ ఒకేలా కూర్చున్నారు. నేను కర్ర పట్టుకుని నిలబడ్డాను. నా జేబులో ఫోన్ ఇంకా నవ్వుతూనే ఉంది.